మా ఊరి చెరువు గట్టు పని: యంత్రాలకి నాలుగున్నర స్టార్లు, మట్టి తొక్కుడికి రెండు

చెరువు గట్టు బాగు చేయించాలంటే ఎవరిని పిలవాలో తెలీక మొన్న ఎండాకాలం ముందు నేను ఫోన్‌లో తెగ వెతికాను. ప్లాట్లు చదును చేసేవాళ్ళు, సెల్లార్లు తవ్వేవాళ్ళు, లేఅవుట్లలో రోడ్లు వేసేవాళ్ళు విశాఖ చుట్టుపక్కల బోలెడంతమంది ఉన్నారు, ఒక్కొక్కరికీ స్టార్లు కూడా దండిగానే ఉన్నాయి, కానీ వాళ్ళ చేత చెరువు గట్టు వేయించుకుని అది ఒక వానాకాలం దాటాక ఎలా ఉందో రాసినవాడు మాత్రం ఒక్కడూ కనపడలేదు. ఇప్పుడు మా గట్టు ఒక వానాకాలం దాదాపు దాటేసింది కాబట్టి ఆ రాసేదేదో నేనే రాస్తున్నా.

కాంట్రాక్టరు పేరు మాత్రం రాయను. ఆయనకి మేం ఇవ్వాల్సిన డబ్బు కొంత ఇంకా మా దగ్గరే ఉంది, ఆ కథ చివర్లో వస్తుంది. పైగా మాకు జరిగిన తప్పు ఆయన ఒక్కడిదే అని కూడా అనుకోవడం లేదు, అందులో మా తెలివితక్కువతనం వాటా కూడా ఉంది.

మాది భీమిలి వైపు ఊరు, గోస్తనికి కొంచెం ఎడంగా. నేను ఉండేది గాజువాకలో, నాన్న వాటా రెండెకరాలు మాత్రం అక్కడే. ఊరికి పడమర రెండు కొండల మధ్య నుంచి ఒక చిన్న గెడ్డ (వాగు) దిగుతుంది, దానికి అడ్డంగా పాతకాలంలో ఎవరో వేసిన మట్టి కట్టే మా చెరువు గట్టు. పొడవు 160 మీటర్లు, మధ్యలో ఎత్తు మూడున్నర మీటర్లు. గేట్లు లేవు, కాపలా గది లేదు, అడుగున ఒక మదుము (తూము అంటే బయటివాళ్ళకి తెలుస్తుంది), ఒక చివర నీళ్ళు ఎక్కువైతే పొర్లిపోవడానికి రాతి అలుగు, అంతే సరంజామా. తాటిపూడి, మేఘాద్రిగెడ్డ, గంభీరం రిజర్వాయర్ల పేర్లు సిటీలో అందరికీ తెలుసు, ముడసర్లోవ అయితే చిన్నప్పుడు పిక్నిక్‌కి వెళ్ళనివాళ్ళు తక్కువ. ఇలాంటి చిన్న చెరువులకి ఆ ఊరి వాళ్ళ నోట్లో తప్ప ఎక్కడా పేరుండదు.

నిండితే నీళ్ళు 9 ఎకరాల్లో పరుచుకుంటాయి, సగటున 5 అడుగుల లోతు. ఎకరంలో అడుగు లోతు నీళ్ళంటే 12 లక్షల లీటర్ల పైచిలుకు, ఆ లెక్కన మొత్తం ఐదున్నర కోట్ల లీటర్లు. మా అపార్ట్‌మెంట్‌కి ఏప్రిల్, మే నెలల్లో వచ్చే ఐదు వేల లీటర్ల ట్యాంకర్లలో చెప్పాలంటే పదకొండు వేల ట్యాంకర్లు. ఈ లెక్క కట్టి నేను మా మేనల్లుడి ముందు గొప్పలు పోయాను. వాడు సివిల్ ఇంజినీరింగ్ మూడో ఏడు. ఫోన్ తీసి టకటకా భాగించి, "ఆయకట్టు 38 ఎకరాలు కదా మావయ్యా, అంటే ఎకరానికి 14 అంగుళాలే, వరికి నాలుగడుగులు కావాలి" అన్నాడు. గాలి తీసేశాడు.

వాడన్నది నిజమే గానీ అందులో చెరువు సంగతి సగమే ఉంది. మా దగ్గర వరికి నీళ్ళు చాలామట్టుకి వానే ఇస్తుంది. కానీ నాట్లు పడ్డాక ఆగస్టులో రెండు వారాలు మొహం చాటేస్తుంది చూడండి, మడి నెర్రెలు తీస్తుంది, అప్పుడొక తడి కావాలి. పొట్ట మీద ఉన్నప్పుడు ఇంకొక తడి. చెరువు ఇచ్చేది ఆ రెండు మూడు తడులే, అవి అందని ఏడు పంట ఎలా ఉంటుందో మా వాళ్ళకి బాగా తెలుసు. పైగా చెరువు ఏడాదికి ఒకసారే నిండి కూర్చోదు, జూలైలో కొంత, సెప్టెంబరులో కొంత, ఇక అక్టోబరు, నవంబరుల్లో బంగాళాఖాతం ఏం పంపిస్తే అది, వాడుకున్న చోట మళ్ళీ నిండుతూ ఉంటుంది. గట్టు కింద నాలుగు బావులున్నాయి, చెరువులో నీళ్ళుంటే ఆ బావుల్లో ఫిబ్రవరి దాకా నీళ్ళుంటాయి, ఆ బావుల మీద చామంతి, బంతి, వంకాయ వేసుకుని ఆనందపురం పూల మార్కెట్‌కి తీసుకెళ్ళే ఇళ్ళు ఏడెనిమిది ఉన్నాయి. వాళ్ళలో సగంమందికి ఆయకట్టులో సెంటు భూమి కూడా లేదు. చెరువు ఎవరికి పనికొస్తుందో రికార్డులో ఉన్న ఎకరాలు చూస్తే తెలియదు, అందుకే చందాలప్పుడు మేం వాళ్ళ దగ్గరికి కూడా వెళ్ళాం, ఇచ్చారు కూడా. పశువుల సంగతి, కుంభవృష్టి వచ్చినప్పుడు గెడ్డ ఒక్కసారిగా కింది ఊరి రోడ్డు మీద పడకుండా చెరువు కాసేపు పట్టి ఉంచే సంగతి ఇంకా రాయలేదు, రాస్తే రివ్యూ పక్కకి పోతుంది.

గట్టు ఎందుకు బాగు చేయించాల్సొచ్చిందో చెప్తా. 2021 సెప్టెంబరులో గులాబ్ తుపాను గుర్తుందిగా, విశాఖలో రోడ్లన్నీ గెడ్డలైపోయాయి. ఆ రాత్రి మా చెరువులో నీళ్ళు గట్టు పైకి బెత్తెడు దూరంలో ఆగాయి. గట్టు మధ్యలో అడుగున్నర కుంగిపోయి ఉంది, ఎప్పుడు కుంగిందో ఎవరూ చూడలేదు, ఎందుకంటే మొత్తం తుమ్మ చెట్లు, లాంటానా. మట్టి గట్టు ఎంత బరువైనా మోస్తుంది గానీ పై నుంచి నీరు పొర్లితే మాత్రం తట్టుకోలేదు, వేలెడు ధార మొదలైతే అదే గాడి కోసుకుంటూ గంటల్లో గండి అవుతుంది. భీమిలి దగ్గరి ఎర్రమట్టి దిబ్బలు చూసినవాళ్ళకి వాన నీరు మట్టిని ఎలా కోస్తుందో నేను చెప్పక్కర్లేదు, మా మట్టీ దానికి దాయాదే. ఆ రాత్రి ఇసుక బస్తాలు మోసి గట్టు కాపాడుకున్నారు. తర్వాత మూడేళ్ళు "చేద్దాం, చేద్దాం" అనుకుంటూనే గడిపేశాం, అది మన ఆనవాయితీ.

చివరికి ఊరంతా కూర్చుని ఎకరానికి ఎనిమిది వేలు వేసుకున్నాం, 3,04,000 వచ్చింది. పూల వాళ్ళూ, ఉద్యోగాలకి బయటికొచ్చిన మాలాంటి వాళ్ళూ కలిసి ఇంకో 60 వేలు. పంచాయతీలో చెప్పాల్సినవన్నీ చెప్పి, తీర్మానం చేయించుకుని, ఏప్రిల్ ఆఖర్లో ఈ కాంట్రాక్టరుని పిలిచాం. ముగ్గురిని అడిగితే ఈయనే తక్కువ చెప్పాడు. టిప్పర్ ట్రిప్పుకి 1,100, మట్టి చెరువు గర్భంలోంచే, తవ్వకం, లోడింగ్ అన్నీ అందులోనే. రోలర్ రోజుకి ఆరు వేలు విడిగా.

ముందు మంచి చెప్పాలి, ఎందుకంటే మంచి చాలానే ఉంది. చెప్పిన రోజుకి చెప్పిన టైముకి బండ్లు దిగాయి. పొద్దున్న ఆరింటికి ప్రొక్లెయినర్ (మట్టి తవ్వే పెద్ద బండి) స్టార్ట్ అయ్యేది. డీజిల్ అయిపోయిందని, హైడ్రాలిక్ పైపు పగిలిందని పని ఆపింది మొత్తం మీద అర పూటే, జేసీబీలతో పని చేయించుకున్న ఎవరినైనా అడగండి, ఇది చాలా అరుదు. ప్రొక్లెయినర్ నడిపిన కుర్రాడు శ్రీకాకుళం వైపు వాడు, వాడికి విడిగా ఐదు స్టార్లు ఇస్తా. తుమ్మ మొద్దుల్ని పైకి నరికి వదిలెయ్యకుండా వేళ్ళతో సహా పీకి, ఆ గుంటల్ని శుభ్రం చేశాడు. ఇది చిన్న విషయం అనుకునేరు. వేరు లోపలే ఉండిపోతే నాలుగేళ్ళకి చీకిపోయి గొట్టంలా మిగులుతుంది, నీళ్ళకి అంతకంటే మంచి దారి ఇంకేం కావాలి. ఎలక బొరియలు, పీతల కన్నాలు కూడా చివరిదాకా తవ్వి చూపించాడు, ఒకటి గట్టులో సగం దాకా వెళ్ళింది. ఇక పాత గట్టు వాలు మీద కొత్త మట్టి పోసే ముందు, ఎవరూ అడక్కుండానే, వాలుని మెట్లు మెట్లుగా కోశాడు. అలా కోస్తేనే కొత్త మట్టి పాతదాన్ని పట్టుకుంటుంది, లేకపోతే పక్కకి జారిపోతుంది. "ఎక్కడ నేర్చుకున్నావు బాబూ" అంటే, "హైవే పని చేశాను సార్" అన్నాడు.

ఇక్కడి దాకా ఐదుకి ఐదు. తేడా మట్టి పోయడం మొదలయ్యాకే వచ్చింది.

మొదటి తప్పు మట్టి ఎంపిక. గర్భంలో పైనున్న నల్లటి ఒండ్రు మెత్తగా, తవ్వడానికి సుఖంగా ఉంటుంది, గట్టుకి దగ్గర కూడా. దాన్నే తెచ్చి పోసేశారు మొదటి రోజు. ఒండ్రు పొలానికి బంగారం, గట్టుకి మాత్రం దండగ. అందులో ఆకూ అలమూ కుళ్ళి ఉంటుంది, ఎండితే పగులుతుంది, తడిస్తే జావ. దాని కింద రెండు మూడడుగుల లోతులో బంక మట్టి కలిసిన ఎర్ర మట్టి ఉంది, గట్టుకి కావలసింది అదీ. నీళ్ళ వైపు బంక ఎక్కువున్నది, బయటి వైపు కంకర కలిసింది. మా పెదనాన్న కర్ర పట్టుకుని వచ్చి ఆ ఒండ్రు కుప్ప చూసి, "ఏటి బాబూ ఇది, గట్టేస్తన్నారా, నారుమడి కడతన్నారా?" అన్నాడు. కాంట్రాక్టరు వాదించలేదు, అది మెచ్చుకోవాలి. పోసింది ఎత్తించి, ఆ ఒండ్రంతా మా పొలాలకే తోలించుకోమన్నాడు. ట్రాక్టర్లు పెట్టుకుని తోలుకున్నాం, ఈసారి ఎరువు ఖర్చు కాస్త తగ్గింది కూడా. కానీ ఎత్తించిన ట్రిప్పులకి కూడా డబ్బు అడిగాడు. సగం ఇచ్చాం.

రెండోది అసలు గొడవ, తొక్కుడు. కొత్త మట్టి రెండున్నర అడుగుల మందాన పరిచేసి, దాని మీద జేసీబీని రెండుసార్లు అటూ ఇటూ తిప్పి, "అయిపోయిందండి" అన్నారు. రోలర్ గట్టు మీదే ఉంది, నీడలో. "జేసీబీ ఎనిమిది టన్నులండి, అది తొక్కితే ఇంకేం కావాలి" అని సూపర్‌వైజర్ అన్నాడు. వినడానికి బాగానే ఉంటుంది. పై నుంచి ఎంత బరువు నడిచినా కింద అడుగున్నర లోతులో మట్టి గుల్లగానే ఉండిపోతుంది. పలచగా జానెడు మందం పరచాలి, నీళ్ళు చల్లాలి, రోలర్ ఆరేడుసార్లు నడవాలి, అప్పుడు దాని మీద ఇంకో జానెడు. మా మేనల్లుడు చిన్న మట్టి ఆనకట్టలకి ఉన్న భారతీయ ప్రమాణం, ఐఎస్ 12169, ఫోన్‌లో తీసి సూపర్‌వైజర్‌కి చూపించబోయాడు. ఆయన ఫోన్ వైపు చూడను కూడా చూడలేదు. పెదనాన్న మాత్రం గడ్డపార తెచ్చి మొన్న పోసిన మట్టిలో గుచ్చాడు. ఒంటి చేత్తో పిడి దాకా దిగిపోయింది. అదే గడ్డపార పక్కన పాత గట్టులో గుచ్చితే రెండంగుళాలు దిగి టంగుమంది. అక్కడితో వాదన అయిపోయింది.

నీళ్ళు చల్లడం గురించి కూడా చెప్పాలి. మే నెల ఎండకి మట్టి పిండిలా ఉంది, పొడి మట్టిని ఎన్నిసార్లు తొక్కినా రేణువులు ఒకదాని పక్కన ఒకటి సర్దుకోవు. మరీ తడిస్తే లబ్బరులా ఊగుతుంది. మధ్యలో ఒక పదును ఉంటుంది. పిడికిట్లో పట్టి నొక్కితే ముద్ద కట్టాలి, వదిలేస్తే విడిపోకూడదు, అరచేతికి తడి అంటకూడదు. పెదనాన్న చేతి లెక్క అది. 1933లో లాస్ ఏంజిలిస్‌లో నీటి సరఫరా ఆనకట్టల మీద పనిచేసిన రాల్ఫ్ ప్రాక్టర్ అనే ఇంజినీరు ఇదే సంగతికి ల్యాబ్ పరీక్ష పెట్టాడట, ప్రతి మట్టికీ ఫలానా తేమ దగ్గరే అది అన్నిటికంటే గట్టిగా దిగుతుందని. మేనల్లుడు ఇది చెప్తే పెదనాన్న, "ఆయనెవరో గానీ మంచోడిలాగున్నాడు" అన్నాడు.

పోసిన రెండు పొరలూ విప్పించి మళ్ళీ వేయించాం. ట్యాంకర్‌తో నీళ్ళు, జానెడు పొరలు, రోలర్ తొమ్మిది రోజులు. పని వారం వెనక్కి పోయింది, కాంట్రాక్టరు మొహం మాడ్చుకున్నాడు, కానీ చేశాడు.

ఇక్కడ నాకు ఆలస్యంగా అర్థమైన విషయం ఒకటి ఉంది, గట్టు పని చేయించాలనుకునే వాళ్ళు ఈ ఒక్క పేరా చదివినా చాలు. మేం బేరం ఆడింది ట్రిప్పు లెక్కన. అంటే ఎన్ని బండ్లు పోస్తే అంత డబ్బు. టిప్పర్‌లో ఉన్న మట్టి గాలితో పొంగి ఉంటుంది, గట్టిగా తొక్కితే అది బాగా దిగిపోతుంది. ఆయన తొక్కడానికి పెట్టే ప్రతి గంటా ఆయనకి నష్టం, ట్రిప్పులు ఆగిపోతాయి కాబట్టి. మాకేమో తొక్కుడే గట్టు. అంటే మేం డబ్బిస్తున్నది ఒకదానికి, మాకు కావలసింది ఇంకొకటి, బేరంలోనే ఆ తేడా ఉంది. గంటల లెక్కన మాట్లాడుకుంటే ఇంకోలా ఉంటుంది, బండి నెమ్మదిగా నడుస్తుంది. పని మొదలుపెట్టే ముందు గట్టు అడ్డుకోత (అడ్డంగా కోస్తే కనపడే వెడల్పు, ఎత్తు) కొలిచి, తొక్కిన తర్వాత మళ్ళీ కొలిచి, గట్టులో మిగిలిన మట్టికి ఘనపు మీటరు లెక్కన డబ్బు కట్టి ఉంటే, రోలర్ నీడలో నిలబడేది కాదు. ప్రభుత్వం పనుల్లో కొలతలు అలాగే ఉంటాయని మా మేనల్లుడు తర్వాత చెప్పాడు. "ముందే చెప్పొచ్చు కదరా" అంటే, "నువ్వు అడగలేదు కదా మావయ్యా" అన్నాడు.

ఇక మదుము. పాత మదుము రాతి కట్టడం, సున్నం పోయి రాళ్ళ సందుల్లోంచి ఏడాది పొడుగునా నీళ్ళు కారేవి. దాన్ని తీసేసి సిమెంటు గొట్టం వేసి, ముందు చిన్న తలుపు పెట్టించాం, మొత్తం 48 వేలు. గట్టులోంచి గొట్టం పోయే చోటే ఎప్పుడైనా బలహీనం. నునుపైన గొట్టానికీ మట్టికీ మధ్య సన్న సందు చాలు, నీరు దాన్ని పట్టుకుని నడుస్తుంది. అందుకే గొట్టానికి మధ్యమధ్యలో కాంక్రీటు కాలర్లు వేస్తారు, చుట్టూ మట్టిని చేత్తో దిమ్మిస కొట్టి బిగిస్తారు, రోలర్ అంత దగ్గరికి పోలేదు కాబట్టి. కాలర్లు రెండు వేయాలని మాట్లాడుకున్నాం. ఆ రోజు మా ఊళ్ళో పెళ్ళి, అందరం అక్కడే ఉన్నాం. సాయంత్రం వచ్చేసరికి గొట్టం పూడ్చేసి పైన మట్టి పోసి చదును చేసేశారు. "కాలర్లు వేశారా?" "వేశామండి." "దిమ్మిస కొట్టారా?" "కొట్టామండి." ఫొటోలు తీయమని చెప్పాల్సింది. పెళ్ళి భోజనం నాకు ఇప్పటికీ అరగలేదు.

సెప్టెంబరులో చెరువు మొదటిసారి నిండింది. గట్టు నిలబడింది, చూడముచ్చటగా ఉంది, అందరం ఫొటోలు దిగాం. మూడో రోజు రాత్రి పెదనాన్న ఫోన్ చేశాడు, మదుము బయటి వైపు గొట్టం పక్కన నీరు ఊరుతోందని. నీరు ఊరడం దానంతటది తప్పు కాదు, మట్టి గట్టన్నాక కొంత చెమ్మ బయటికి వస్తుంది, తేటగా ఉంటే కంగారు పడక్కర్లేదు. "రంగెలా ఉంది పెదనాన్నా?" అన్నాను. "టీలాగుంది బాబూ" అన్నాడు. నాకు చెమటలు పట్టాయి. బురద రంగు వస్తోందంటే నీళ్ళతో పాటు లోపలి మట్టి కూడా బయటికి వస్తోందని, లోపల గొట్టం పక్కన ఇంకో గొట్టం తయారవుతోందని.

గాజువాక నుంచి బండి మీద వెళ్ళేసరికి రాత్రి పదకొండు. కాంట్రాక్టరుకి ఫోన్ చేస్తే ఎత్తాడు, ఆ టైములో ఎత్తడమే గొప్ప, ఒక సూపర్‌వైజర్‌ని, నలుగురు మనుషుల్ని పంపాడు. వచ్చినవాడు చెప్పిన వైద్యం ఏంటంటే, బయటి వైపు బంక మట్టి కొట్టి ఆ కన్నం మూసేద్దామని. వినగానే సబబుగా అనిపిస్తుంది కదా, మా వాళ్ళలో ఇద్దరు తట్టలు కూడా అందుకున్నారు. అది చేయకూడని పని. బయట మూస్తే లోపల నీరు ఆగదు, ఒత్తిడి పెరిగి ఇంకో చోట పొడుచుకొస్తుంది. నీటికి దారి ఇవ్వాలి, మట్టికి ఇవ్వకూడదు. ఊట మీద ముందు ముతక ఇసుక, దాని మీద సన్న కంకర, దాని మీద పెద్ద రాళ్ళు, ఇలా జల్లెడలాగా పేర్చాలి, మట్టి రేణువులు ఇసుక దగ్గర ఆగిపోతాయి, నీరు మాత్రం బయటికి వచ్చేస్తుంది. ఆ రాత్రి ఒకరి ఇంటి పని కోసం పోసి ఉన్న ఇసుక కుప్ప ఖాళీ చేసేశాం, ఆయన ఒక్క మాట అనలేదు. మదుము తలుపు ఎత్తి చెరువులో మట్టం కూడా తగ్గించడం మొదలుపెట్టాం. తెల్లారేసరికి నీరు టీ రంగు నుంచి పలచబడింది, మధ్యాహ్నానికి తేటపడింది.

నీళ్ళు తగ్గాక లోపలి వైపు గొట్టం చుట్టూ తవ్వి చూస్తే, కాలరు ఉంది. ఒక్కటే. రెండోదానికి డబ్బు తీసుకున్నారు. చుట్టూ మట్టి ముద్దలు ముద్దలుగా, మధ్యలో చెయ్యి పట్టేంత ఖాళీలు. కాంట్రాక్టరు స్వయంగా వచ్చి చూశాడు, తన మేస్త్రీ మీద కేకలేశాడు, వాదించకుండా తన ఖర్చుతోనే లోపలి సగం మళ్ళీ తవ్వించి, కాలరు పోయించి, మా కళ్ళ ముందు దిమ్మిసలతో కొట్టించాడు. అందుకే పని అయ్యాక ఇచ్చిన సర్వీసుకి నేను మూడున్నర ఇస్తున్నా. పోయించాల్సిన రోజు పోయించి ఉంటే ఈ లెక్కే లేదు, అది వేరే మాట.

అలుగు గురించి ఒక ముక్క. పని జరుగుతుండగా కాంట్రాక్టరు ఒక ఆఫర్ పెట్టాడు, ఎలాగూ సిమెంటు కలుపుతున్నాం కదా, అలుగు మీద ఇంకో అడుగు గోడ లేపేస్తా, పది వేలు, చెరువులో అడుగు నీళ్ళు ఎక్కువ ఆగుతాయి అని. మా వాళ్ళలో సగంమంది ఎగిరి గంతేశారు. 9 ఎకరాల్లో అడుగు నీళ్ళంటే కోటి లీటర్ల పైమాటే, ఎవరికి ఆశ ఉండదు. కానీ గట్టు పైకీ అలుగు మట్టానికీ మధ్య ఉండే ఆ ఖాళీయే తుపాను రాత్రి గట్టుని కాపాడేది. అలుగు అడుగు లేపితే ఆ ఖాళీలో అడుగు పోయినట్టే, గులాబ్ లాంటి వాన మళ్ళీ వస్తే పొర్లేది అలుగు మీద నుంచి కాదు, గట్టు మీద నుంచి. ఇంకోటి, పైన గర్భం ఒడ్డున ఉన్న వాళ్ళ పొలాల్లోకి నీళ్ళు ఎక్కుతాయి, ఆ తగాదా మన మనవళ్ళ దాకా నడుస్తుంది. వద్దన్నాం. ఇప్పటికీ ఒకాయన నాతో సరిగ్గా మాట్లాడడం లేదు.

గట్టు బయటి వాలు మీద గడ్డి నాటించడం మా పని అనుకున్నాం, ఆడవాళ్ళు గరిక తెచ్చి నాటారు, బాగా పట్టింది. నీళ్ళ వైపు రాళ్ళు పేర్చడానికి డబ్బు చాలలేదు, పాత రాళ్ళే సర్దాం, అలల తాకిడికి రెండు చోట్ల కొంచెం కోసుకుంది, వచ్చే ఎండాకాలం చూడాలి.

మొత్తం 3,64,000 లో 220 ట్రిప్పులకి 2,42,000, రోలర్‌కి 54 వేలు, మదుముకి 48, ట్యాంకర్, చిల్లరా మల్లరా 20. మాలాంటి పనికి ఈ రేటు ఎక్కువ కాదు. యంత్రాలకి నాలుగున్నర, టైముకి ఐదు, ప్రొక్లెయినర్ కుర్రాడికి ఐదు, మట్టి తొక్కుడికి రెండు, కంటికి కనపడని చోట చేసిన పనికి సున్నా. వీళ్ళని మళ్ళీ పిలుస్తారా అంటే, పిలుస్తాం, రాళ్ళ పనికి ఇప్పటికే అడిగాం కూడా. ఈసారి కొలత లెక్కన, మా మనిషి ఒకడు పొద్దున్నుంచి సాయంత్రం దాకా అక్కడే కుర్చీ వేసుకుని కూర్చుంటాడు, ఊళ్ళో ఎవరి పెళ్ళి ఉన్నా సరే.

మొదట్లో చెప్పిన డబ్బు సంగతి. చివరి 15 వేలు ఆపి ఉంచాం. సంక్రాంతి దాకా గట్టు నిలబడితే ఇస్తామని, మదుము పక్కన మళ్ళీ రంగు మారితే ఇవ్వమని కాంట్రాక్టరుతో అన్నాం, సరేనన్నాడు. పెదనాన్న రోజూ పొద్దున్నే గాజు గ్లాసు పట్టుకుని గట్టు కిందికి వెళ్తాడు, ఆ ఇసుక మీద నుంచి వచ్చే నీరు పట్టి, ఎండకి పెట్టి చూసి, నాకు ఫోన్ చేస్తాడు. ఈ పొద్దు కూడా తేటగానే ఉందట.